మేనత్త వరుస

ఏడేళ్ల కింద ఇల్లు విడిచిపోయిన పరశురామ్, చీర కట్టుకొని, మేఘా అన్న పేరుతో రాయచూరు పక్క మట్మారిలో బస్సు దిగి అప్పటికి రెండు నెలలైంది. తల్లి తిరుమలమ్మ మూడు రోజులు తలుపు తీయలేదు. అన్న యల్లేశ్ "వాడుండే ఇంట్ల నేనుండ" అని జవళగేరకు వెళ్లి, అక్కడ వరికోత మిషను నడిపే పనిలో కుదురుకున్నాడు. ఆ మూడు రోజులూ అరుగు మీద కూర్చున్న మనిషికి అన్నం పెట్టి, నీళ్లిచ్చింది వదిన రంగవ్వ ఒక్కతే. నాలుగో రోజు తల్లి మనసు కరిగి తలుపు తెరిచింది. ఇక్కడివరకు ఊరందరికీ తెలిసిన కథే. తెలియనిదల్లా, ఆ తలుపు తెరుచుకున్న రోజు నుంచే రంగవ్వ మనసులో ముల్లు గుచ్చుకుందని.

అరుగు మీద ఉన్నన్నాళ్లూ మేఘాను చూస్తే ఆమెకు జాలేసేది. ఇంట్లోకి వచ్చాక అదే మనిషిని చూస్తే ఒళ్లు మండుతోంది. ఎందుకో తనకే సిగ్గుగా ఉండేది. కాపురానికి వచ్చి పద్నాలుగేళ్లయినా అత్త తనను "బిడ్డా" అని పిలిచిన పాపాన పోలేదు. "ఏమే" అంటుంది, కోపమొస్తే "ఓ పిల్లా" అంటుంది. మేఘాను ఐదో రోజే "బిడ్డా, జర తిను" అంది. పెట్టె అడుగున కర్పూరం బిళ్లలతో దాచుకున్న తన పెళ్లినాటి ఇలకల్ చీరను తీసి మేఘా భుజం మీద వేసి చూసుకుంది. ఆ చీర ఇంట్లో ఉందన్న సంగతే రంగవ్వకు ఆ రోజు తెలిసింది.

మేఘా బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని నేర్చుకొచ్చింది. వాడకట్టు ఆడవాళ్లంతా జాకెట్ల కొలతలని ఆమె చుట్టూ చేరి, మొగుళ్ల మీద చాడీలు చెప్పుకొని, నవ్వుకొని పోతున్నారు. రంగవ్వ దగ్గరికి అట్లా ఎవరూ వచ్చింది లేదు. ఐదేళ్ల కింద, ఇరవై తొమ్మిదో ఏట, తెల్లబట్ట అవుతుందని ఒక ప్రైవేటు దవాఖానకు పోతే, ఉంచితే క్యాన్సరవుతుందని బెదిరించి గర్భసంచి తీసేశారు. అప్పటినుంచి సీమంతాలకు, ఒడి నింపే పేరంటాలకు పిలుపులు తగ్గిపోయాయి. ఎవరూ రావద్దని అనలేదు. పిలవడం మరిచిపోతున్నారు, అంతే.

ఆ గురువారం మధ్యాహ్నం రంగవ్వ పత్తి ఏరుతోంది. పక్క సాలులో ఏరుతున్న ఆడమనిషి ఫోను మాట్లాడి పెట్టేసి, నవ్వుతూ ఇటు తిరిగింది.

"ఏంది రంగవ్వా, బిడ్డ పెద్దమనిషైతే నీకు చేన్ల ఏం పని? నోరు తీపి చెయ్యవా?"

"ఎవరి బిడ్డ?"

"అయ్యో, నీ బిడ్డనే! వాణి. మా కోడలు ఇప్పుడే చెప్పింది. మీ మేఘా సాలెకు పోయి టీచరుకు చెప్పి తోలుకొచ్చిందంట."

రంగవ్వ ఒడి విప్పిందో, విప్పకుండానే పత్తి జారిపోయిందో ఆమెకు గుర్తులేదు. రెండు మైళ్ల దారి ఎట్లా నడిచిందో కూడా గుర్తులేదు. గడపలో అడుగు పెట్టేసరికి ఇల్లంతా నువ్వులు వేగుతున్న కమ్మటి వాసన. మూలన కొత్త చాప మీద వాణి కూర్చుని ఉంది. వేన్నీళ్లు పోసిన సీసాను పొత్తికడుపుకు ఆనించుకుంది. మేఘా పక్కన కూర్చుని కుడక ముక్కలో బెల్లం పెట్టి పిల్ల నోటికి అందిస్తోంది.

రంగవ్వ కాళ్లు కడుక్కోకుండానే అడిగింది. "నాకెందుకు చెప్పలె?"

"నీ ఫోను ఇంట్లనే ఉండె గదమ్మా" అంది వాణి. పదమూడేళ్ల పిల్ల, మొహం వాడిపోయినా కళ్లు మెరుస్తున్నాయి. "అత్త నంబరు నాకు నోటికొచ్చు. టీచరమ్మ ఫోనుతోని చేసిన. నాకేమైతుందో అని మస్తు భయమైంది. అత్త వచ్చినంక పోయింది."

"సాలెల ఎవరు ఏమనలేదా?"

"టీచరమ్మ అత్తను చూసి, ఎవరన్నట్టు 'నీవు యారు?' అనడిగింది. నేనే చెప్పిన, 'నమ్మ సోదరత్తె' అని."

సోదరత్తె. కన్నడంలో తండ్రి తోబుట్టువు. మేనత్త. ఈ పిల్లే ఆరేళ్లప్పుడు ఈ మనిషి భుజాలెక్కి "చిన్నాయనా, చిన్నాయనా" అని జాతరంతా తిరిగింది. ఆ పిలుపును మార్చుకోవడానికి పిల్లకు ఒక్క పూట కూడా పట్టలేదు. తాను మాత్రం ఇప్పటికీ మేఘా అనే ముందు నాలుకను ఒకసారి సర్దుకోవాలి.

అంతకన్నా కోసింది 'అత్త వచ్చినంక భయం పోయింది' అన్న మాట. ఆ రోజు కోసం రంగవ్వ ఏడాదిగా ఎదురుచూస్తోంది. మెత్తటి పాత చీర ఉతికి మడిచి పెట్టుకుంది. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో, తనకు ఎవరూ చెప్పక తాను ఎంత బెదిరిందో, అన్నీ మాటలు పోగుచేసుకుంది. అవి వినాల్సిన చెవిలో మరొకరి మాట ముందే పడింది.

తిరుమలమ్మ పొయ్యి దగ్గరినుంచే లెక్కలు వేస్తోంది. "వచ్చే శుక్రవారం తొమ్మిదోనాడు. ఆ పొద్దే నీళ్లు పోద్దాం. మొదటి పసుపు మేనత్త పెట్టాలె. మనింట్ల మేనత్త లేకుండె, దేవుడు తోలిండు."

"ఆమె పెట్టినంక నేను పెడ్త" అంది రంగవ్వ.

అత్త గరిటె అందుకుంది. నువ్వులను ఒకసారి కలియబెట్టింది.

"నువ్వు జర దూరముండు ఆ పొద్దు. గర్భసంచి లేనోళ్లు పిల్లను ముట్టొద్దంటరు. దానికి మంచిది కాదంట."

"ఎవరంటరు?"

"పెద్దోళ్లంటరు."

రంగవ్వ పొయ్యి దగ్గరికి జరిగింది.  "నాకు ఉండె గదా అత్తా! పదారేండ్లు నెలనెలా నడుం విరగ్గొట్టుకున్న. దీన్ని కన్న. తర్వాత తీసేసిండ్రు. మేఘాకు ఎన్నడున్నది? లేకపోవుడే తప్పైతే, మొదటి తప్పు ఎవరిది?"

"మేనత్త అంటే వరుసనే. వరుసకు ఒళ్లు చూస్తరా ఎవరన్న?"

"మరి నన్ను ఒళ్లు చూసే గదా దూరముండుమంటున్నవ్?"

తిరుమలమ్మ మూకుడు దించబోయింది. "నువ్వులు మాడుతున్నయ్, పక్కకు జరుగు" అంది. మేఘా ఏదో అనబోయి లేచింది. రంగవ్వ ఆ మొహం చూడకుండా గూట్లోని ఫోను తీసుకొని పెరట్లోకి నడిచింది.

యల్లేశ్ ఫోను ఎత్తేసరికి వెనకాల కోతమిషను రొద.

"వాణి పెద్దమనిషైంది. వచ్చే శుక్రవారం నీళ్లు పోస్తరంట."

"మంచిమాట. వస్త... వాడు ఉన్నడా ఇంక?"

రెండు నెలలుగా రంగవ్వ మొగుడితో మాట్లాడినప్పుడల్లా 'మేఘా' అనే అంటూ వచ్చింది. అతను కసిరినా మార్చలేదు. ఆ రోజు మార్చింది. "ఉన్నడు. నీ తమ్ముడే చీర కట్టుకొని నీ బిడ్డకు మేనత్తై కూర్చుంటడంట." ఆ మాట అంటుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుంది. అటువైపు మిషను రొద ఆగిపోయింది.

"ఎవరు ఒప్పుకున్నరు?"

"మీ అమ్మ."

"నువ్వు?"

"నన్నెవరు అడిగిండ్రు?"

యల్లేశ్ ఫోను పెట్టేశాడు.  రంగవ్వకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఫోనును కొంగులో చుట్టి దాచింది.

వారం గడిచింది. యల్లేశ్ రాలేదు, ఫోనూ చేయలేదు. రాడేమో అనుకుంది. రావాలని ఉంది, రాకూడదని ఉంది. గురువారం మధ్యాహ్నం తిరుమలమ్మ పిలుపులకు పోయింది. వాణి చాప మీద నిద్రపోతోంది. మేఘా కుట్టుమిషను ముందు కూర్చుని పిల్లకు లంగా జాకెట్టు కుడుతోంది.

"వదినా, ఈ చేతి కొలత జర చూడు. బిగుతైతదేమో."

"నువ్వే చూడు. అన్నీ నువ్వే చూస్తున్నవ్ గదా."

మిషను ఆగింది. "నా మీద కోపమా?"

"కోపమెందుకు? ఆడబిడ్డవు. ఆడబిడ్డ మీద కోపం చేసి బతికిన కోడలున్నదా?" అని నవ్వబోయింది రంగవ్వ. నవ్వు రాలేదు. దాని బదులు వారం రోజుల మంట బయటికి వచ్చింది. "బస్సుల ఫ్రీ టికెట్టిస్తే ఆడదైపోతరా? ఆధార్ల రాపిచ్చుకుంటే అయిపోతరా? బట్ట తడిసిపోతుంటే ఎన్నడన్న మడిల వంగి నాటేసినవా? కాన్పుల పానం పోయి వచ్చుడంటే తెలుసా నీకు? గోళీలు మింగితే ఒంటికొచ్చేది వేరు, ఒంటితోని పుట్టేది వేరు. ఏం తెలుసని నా బిడ్డకు చెప్పినవ్?"

మేఘా దారం కొనను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కోపం తెచ్చుకుంటుందేమోనని రంగవ్వ చూసింది. తెచ్చుకుంటే బాగుండేది.

"తెల్వది వదినా. ఆ నొప్పి నాకు తెల్వది. తెలుసని ఎన్నడన్న అన్ననా?" అంది మేఘా. "వాణికి భయమే తెలిసింది ఆ పొద్దు. అది నాకు తెలుసు. నాకు గూడ పద్మూడేండ్లకే గొంతు మారింది. మూతి మీద నూగు వచ్చింది. ఇంట్ల అందరు నవ్విండ్రు, మగోడైతుండని. నాయన కొత్త పంచె తెచ్చిండు. నేను తొగరి చేన్ల, కందిచెట్ల నడుమ పండుకొని, నోట్ల గుడ్డ కుక్కుకొని ఏడ్చిన. నా ఒళ్లే నన్ను పట్టుకపోయి ఎవరికో ఇచ్చేస్తున్నట్లుండె. ఎవరన్న నేర్పిండ్రా నాకు ఇది? మాన్పియ్యాలని చూసిండ్రు. అన్న ఎద్దుల కొరడాతోని కొట్టిండు, నువ్వే అడ్డమొచ్చినవ్. మానిందా?"

రంగవ్వకు గుర్తుంది. ఆ కొరడా దెబ్బ ఒకటి తన మోచేతి మీద కూడా పడింది.

"లోపల ఒకటుండె, బయట ఒకటుండె. లోపలిదే నేననుకున్న. తప్పో ఒప్పో. నీ జాగ నాకొద్దు వదినా." మేఘా కొంచెం తటపటాయించి అడిగింది. "గర్భసంచి తీసినంక నీకెట్లుండె? నువ్వెన్నడు చెప్పలె."

ఐదేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. కుట్లు మానాయా అని అడిగారు, బరువులెత్తొచ్చా అని అడిగారు. రంగవ్వ గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది.

"ఎట్లుంటది? సంతకం మీ అన్న పెట్టిండు. మత్తు దిగినంక నర్సమ్మ చెప్పింది, తీసేసినమని. మొదటినెల తారీకు వస్తే, ముట్టు రాలేదని ఏడ్చిన. ఎప్పుడు పోతదిరా ఈ పీడ అని తిట్టుకున్నదే గదా, పోతే ఎందుకేడ్చిననో నాకే తెల్వది. కిరాయికున్నోళ్లు ఖాళీ చేసి పోయినంక ఇల్లెట్లుంటది? అట్లుండె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు కావాలని ఒళ్లు కోయిచ్చుకున్నవ్. నన్ను అడగకుంట కోసిండ్రు. కోసినంక నువ్వు ఈ ఇంటికి బిడ్డవైనవ్. నేను ఏమైన?"

మేఘా లేచి వచ్చి పక్కన కూర్చుంది. చేయి ముందుకు చాపింది. రంగవ్వ దాన్ని పట్టుకోలేదు, తోసేయలేదు.

"రేపు మొదటి పసుపు నువ్వే పెట్టు వదినా. నేను పక్కకుంట. అమ్మకు నేను చెప్త. నేను చెప్తే వింటది."

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే ఈ కథ ఇంకో దారి పట్టేదేమో. మొగుడికి ఫోను చేసిన సంగతి రంగవ్వ నాలుక చివరిదాకా వచ్చింది. 'నేను చెప్తే వింటది' అన్న మాటతో వెనక్కి పోయింది. నిజమే, వింటుంది. తన కడుపున పుట్టిన పిల్లకు తాను పసుపు పెట్టడానికి ఈ మనిషి సిఫారసు కావాలి. ఆమె లేచి, చీర దులుపుకొని, "నీ ఇష్టం" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మొగుడికి మళ్లీ ఫోను చేసి రావద్దని చెప్పడానికి ఆ సాయంత్రమంతా ఉంది, మరునాటి పొద్దు కూడా ఉంది. చేయలేదు.

శుక్రవారం పది గంటలకు ముంగిట్లో పందిరి కింద ఆడవాళ్లు నిండిపోయారు. కులపెద్ద దేవప్ప అరుగు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. వాణి కొత్త లంగా జాకెట్టులో తలొంచుకొని చాప మీద ఉంది. ఎదురుగా పీట మీద ఇలకల్ చీరలో మేఘా. ఆ అంచు ఎరుపు ఆమె మొహానికి ఎంత ఒప్పిందంటే, రంగవ్వ ఒకసారి చూసి మళ్లీ చూడలేకపోయింది.

మేఘా తల్లివైపు చూసింది. తిరుమలమ్మ మొహం ముడుచుకున్నా తల ఊపింది. మేఘా పసుపు గిన్నె చేతిలోకి తీసుకొని అందరికీ వినబడేలా పిలిచింది.

"వదినా, రా. మొదలు నువ్వు."

రంగవ్వ ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసేలోగా గేటు దగ్గర బైకు ఆగింది. యల్లేశ్ దిగాడు. దుమ్ముకొట్టుకున్న బట్టలతోనే పందిట్లోకి వచ్చాడు.

"లే పరశురామ్."

"శుభకార్యంరా, నోరు మంచిగ పెట్టు" అని తల్లి అడ్డం వచ్చింది.

"శుభకార్యమనే గదా నన్ను పిలిచింది! ఎవరు పిలిచిండ్రో అడుగు. నీ కోడలే ఫోన్ చేసింది."

మేఘా తలెత్తి చూసింది. "అవునా వదినా?"

రంగవ్వ చూపు నేలకు దిగిపోయింది. యల్లేశ్ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నలుగురిల చెప్పు రంగవ్వా. నువ్వు ఏదంటే అదే. ఈడ కూర్చున్నది నా తమ్ముడా, నీ ఆడబిడ్డనా?"

 దేవప్ప కుర్చీలో ముందుకు వంగాడు. రంగవ్వకు జవాబు తెలుసు. తొగరి చేలో ఏడ్చిన పిల్ల తెలుసు, కొరడా తెలుసు, నిన్న తన పక్కన చాచిన చేయీ తెలుసు. ఒక్క మాట చాలు. కానీ కళ్ల ముందు ఆ ఎర్ర అంచు కదిలింది, చెవిలో "బిడ్డా" అన్న అత్త గొంతు వినిపించింది. పెదవి విప్పలేదు.

మేఘా గిన్నెను మెల్లగా కింద పెట్టింది.

"నీకిష్టం లేదని నాకు చెప్తే నేనే పోతుంటి గదా వదినా. అన్నను పిలిచేదెందుకు?"

లోపలికి పోయి సంచీ తెచ్చుకుంది. కట్టుకున్న చీరతోనే గేటు దాటింది. తిరుమలమ్మ "బిడ్డా!" అని ఒక్క కేక పెట్టి గుంజ పట్టుకొని కూలబడింది.

అప్పుడు వాణి చాప మీదినుంచి లేచింది. "నీళ్లు పోయకముందు వాకిలి దాటొద్దే!" అని ఆడవాళ్లు అరిచారు. పిల్ల తల్లి ముందు ఆగింది.

"నువ్వేమన్న అంటవనుకున్న అమ్మా" అంది. అంతే. పరికిణి కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని పరుగెత్తింది.

"యాడికి పోతది, సందు చివరిదాక పోయి వస్తది" అన్నాడు యల్లేశ్. పావుగంట చూశారు. రాలేదు. బస్టాండు దగ్గరినుంచి వచ్చినతను ఇద్దరూ రాయచూరు బస్సెక్కారని చెప్పాడు. పిల్లే వెనకనుంచి ఉరికి బస్సెక్కిందనీ, ఆ చీర కట్టుకున్నామె దిగమని బతిమాలుతుండగానే బస్సు కదిలిందనీ చెప్పాడు. ఆ రెండో ముక్క ఎవరూ వినలేదు.

మాట పందిట్లో ఒక రూపంలో బయలుదేరి గేటు దగ్గరికి వెళ్లేసరికి వేరే రూపం కట్టింది. మొదట 'తోలుకపోయింది' అన్నారు. తర్వాత 'ఎత్తుకపోయింది' అన్నారు. గేటు బయట మగవాళ్ల నోట 'మగోడు చీర కట్టుకొచ్చి ఆడపిల్లను ఎత్తుకపోయిండు' అయింది. "రాయచూరు చేరకముందే బస్సు ఆపాలె" అని ఎవరో అరిచారు. ఒకడు పందిరి గుంజ పీకాడు. మూడు బైకులు స్టార్టయ్యాయి. ఆ 'మగోడు' అన్న మాటను ఎవరైనా గట్టిగా అంటే బాగుండునని తొమ్మిది రోజులు కోరుకున్నది రంగవ్వే. ఇప్పుడు అందరూ అంటుంటే ఆమె రెండు చెవులూ మూసుకుంది.

యల్లేశ్ పోలీసులకు ఫోను కలిపాడు. "సార్, నమ్మ హుడుగీన..." అంటూ, తమ పిల్లను తీసుకుపోయారని కన్నడంలో మొదలుపెట్టాడు. రంగవ్వ ఎప్పుడు కదిలిందో, ఎట్లా లాక్కుందో, ఫోను ఆమె చేతిలో ఉంది. పెనుగులాటలో స్పీకరు నొక్కుకుపోయింది. "సార్" అంది రంగవ్వ. అటువైపు గొంతు పందిట్లో అందరికీ వినిపించింది.

"హేళమ్మా. హుడుగీన కర్కొండు హోదవరు యారు? గండసా, హెంగసా?"

పిల్లను తీసుకెళ్లింది మగవాడా, ఆడమనిషా అని అడుగుతున్నాడు. గేటు బయట బైకుల వాళ్లు ఇంజన్లు ఆపి, ఆమె నోటి వైపు చూస్తున్నారు.